కుట్లలో ఎర్రమట్టి

తుపాకీ పేలగానే నూట పన్నెండు జంటలు కొండ మీదికి ఎగబడ్డాయి. నలభై ఒకటో నంబరు జంటలో ఒకరు గెలవడానికి పరిగెత్తుతున్నారు. రెండోవారు పగ తీర్చుకోవడానికి.

గెలవడానికి పరిగెత్తుతున్నవాడు పళ్ళ డాక్టరు. నలభై ఏళ్ళు, సన్నటి ఒళ్ళు, నవ్వితే తన ఆస్పత్రికి తానే బోర్డులా ఉండే పలువరస. ఈ రెండు రోజుల కొండ పరుగు ఇప్పటికి రెండుసార్లు గెలిచాడు. మూడోసారి కూడా గెలిస్తే, పరుగు మొదలయ్యే చోట ఉన్న రాతి పలక మీద పేరు చెక్కుతారు. ఆ పలక మీద ఇంతవరకూ నాలుగే పేర్లున్నాయి. ఐదోది తనదేనని, కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న ప్రతి పేషెంటుకీ చెప్పేవాడు. పాపం, వాళ్ళు కాదనలేరు కదా.

పగ కోసం పరిగెత్తుతున్నది బూట్లక్క. ఆస్పత్రికి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతలి వైపు, బూట్లు బాగుచేసే కొట్టు ఆమెది. ఊళ్ళో పరిగెత్తే వాళ్ళందరి బూట్లకీ అక్కడే కొత్త సోళ్ళు పడతాయి. పెద్దా చిన్నా అందరికీ ఆమె బూట్లక్కే. పళ్ళ డాక్టరు మాత్రం "చెల్లాయ్" అంటాడు. రెండేళ్ళుగా ఆమె కూడా "అన్నయ్యా" అంటోంది. అన్న ప్రతిసారీ నోట్లో మేకు ఉన్నట్టే ఉంటుంది. మేకులు నోట్లో పెట్టుకుని పని చేయడం అలవాటే కాబట్టి పైకి కనిపించనివ్వదు.

"గుడ్డ నీ దగ్గర, కర్రలు నా దగ్గర," అన్నాడు డాక్టరు మొదటి ఎత్తు ఎక్కుతూ. గుడారం సంగతి. "మనిద్దరిలో ఎవరు లేకపోయినా రెండోవాళ్ళు తడవాల్సిందే. పెళ్ళి కంటే గట్టి బంధం, చెల్లాయ్."

"ఆ మాట వదినకి చెప్పమంటారా?"

"చెప్పకు తల్లీ. నా పళ్ళకి నేను వైద్యం చేసుకోలేను."

ఆమె నవ్వింది. నవ్వడం కూడా నేర్చుకుంది, పరిగెత్తడం నేర్చుకున్నట్టే.

ఈ పరుగుకి దారంటూ ఉండదు. చేతిలో పటం ఉంటుంది. దాన్ని చూసుకుంటూ కొండల్లో అక్కడక్కడా పెట్టిన పెట్టెల్ని వరసగా వెతుక్కుంటూ పోవాలి. పరిగెత్తే ప్రతి మనిషి మణికట్టుకీ ఒక బిళ్ళ ఉన్న పట్టీ బిగిస్తారు. బిళ్ళని పెట్టెకి తాకిస్తే కుయ్‌మంటుంది. ఎవరు ఎన్ని గంటలకి వచ్చారో పెట్టె రాసుకుంటుంది. జంటలో ఇద్దరి బిళ్ళలూ ఒక్క నిమిషంలోపు తాకాలి. రెండు రోజుల తిండీ గుడారమూ వీపు మీదే మోయాలి. చివరి గీత ఇద్దరూ కలిసి దాటాలి. దాటాక సంచీ తనిఖీ ఉంటుంది. గుడారం గుడ్డో కర్రో తగ్గిందంటే రెండు రోజుల కష్టం గంగపాలు.

రెండేళ్ళ కిందట ఇదే పరుగులో డాక్టరు జంట బూట్లక్క తమ్ముడు.

అప్పట్లో తమ్ముడు ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. సైకిలిచ్చినా నడిచే పోయేవాడు, అంత ఇష్టం కాళ్ళంటే. రెండో రోజు ఆరో పెట్టె దాటాక, కనుమ దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ కనుమ నుంచి రెండు దారులు. ఒకటి పోటీ దారి: శిఖరం వెనక్కి చుట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది పెట్టెల మీదుగా రెండు గంటల పైనే. రెండోది అడ్డదారి: తిన్నగా కిందికి, చివరి గీతకి కాస్త ముందున్న గూనిబండ దగ్గర పోటీ దారిలో కలుస్తుంది. డాక్టరు తమ్ముడి పట్టీ ఊడదీసుకున్నాడు. "నువ్వు మెల్లగా అడ్డదారిన దిగి బండ దగ్గర కూర్చో. నేను ఇద్దరి బిళ్ళలూ తాకించుకుని వస్తా. గీత కలిసి దాటేద్దాం," అన్నాడు. తనిఖీలో అడుగుతారని గుడారం గుడ్డ కూడా తీసుకుని పోయాడు.

తమ్ముడు యాభై గజాలు కూడా దిగలేకపోయాడు. డాక్టరు చుట్టు తిరిగి బండ దగ్గరికి వస్తే మనిషి లేడు. అప్పుడైనా నిజం చెప్పాడా? చెబితే మోసం బయటపడుతుంది. అందుకని చివరి గీత దగ్గరికి పోయి, "తొమ్మిదో పెట్టె దాకా నాతోనే ఉన్నాడు, తర్వాత నా మాట వినకుండా ఎటో పోయాడు," అని చెప్పాడు. వెతికేవాళ్ళు శిఖరం వెనక వైపు ఆరు గంటలు గాలించారు. తొమ్మిదో పెట్టె కింద లోయలో తమ్ముడి పట్టీ దొరికింది. అది అక్కడికి ఎలా చేరిందో వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు మాత్రం ఇటు వైపు, వడగళ్ళలో, కప్పుకోవడానికి గుడ్డముక్క లేకుండా ఈల ఊదుతూ పడి ఉన్నాడు. ఆ చప్పుడు పైన కనుమ మీద పోయేవాళ్ళకి చేరకుండా గాలి కిందికే మోసుకుపోయింది. సాయంత్రం మేకలు కాసే ఒకాయన చూశాడు కాబట్టి బతికాడు.

ఎడమ కాలు రెండంగుళాలు పొట్టయింది. ఉత్తరాల ఉద్యోగం పోయింది. పైగా "జంటను వదిలి పారిపోయాడు, తర్వాత అబద్ధమాడాడు" అని పోటీల నుంచి జీవితాంతం వెలి. డాక్టరుకి మాత్రం ఓర్పుకి మెచ్చుకోలు పత్రం ఇచ్చారు.

బూట్లక్కకి నిజం చెప్పింది బూట్లు. ఏడో పెట్టె చుట్టూ ఎర్రమట్టి బురద, దాన్ని తొక్కకుండా పెట్టె దగ్గరికి చేరడం ఎవరి తరమూ కాదు. ఆ మట్టి పైపైన కడిగితే పోతుంది కానీ, కుట్టు రంధ్రాల్లోకి దిగితే దారం తెంపేదాకా పోదు. ఆ వారమే డాక్టరు తన బూట్లు సోలు మార్చమని ఇచ్చాడు. ఆమె దారం తెంపితే ప్రతి రంధ్రంలోనూ ఎరుపు. ఆస్పత్రి నుంచి వచ్చిన తమ్ముడి బూట్లు విప్పితే ఒక్క రంధ్రంలో కూడా లేదు. తమ్ముడు ఏడో పెట్టె దగ్గరికి పోనే లేదు.

రెండు జతలూ పట్టుకుని పోటీ పెద్ద దగ్గరికి పోయింది. ఆయన భూములు కొలిచే పనిలో రిటైరయిన మనిషి, అందరికీ సర్వేయరు గారు. అద్దాలు పైకెత్తి చూసి, "బిళ్ళ తొమ్మిదో పెట్టెకి తాకిందమ్మా. యంత్రం అబద్ధం చెప్పదు. మట్టి సాక్ష్యం చెల్లదు," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టింది. మొదటి నెల వీధి చివరికి పోయేసరికి రొప్పు. రెండో ఏడాదికి డాక్టరు వెనకాలే పరిగెత్తేది. "తమ్ముడు దెబ్బకి తల తిరిగి ఏదో వాగాడన్నయ్యా, మనసులో పెట్టుకోకండి," అంది ఒకరోజు. డాక్టరు మొహంలో దీపం వెలిగింది. ఈ ఏడు ఆయన జంటగా పరిగెత్తే బ్యాంకు ఉద్యోగికి బదిలీ అయింది. "నేను రానా అన్నయ్యా?" అని అడిగింది. ఏరు దాటాక తెప్ప తగలేసే మనిషికి, కొత్త తెప్ప దానంతట అదే ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

*

మొదటి రోజు మధ్యాహ్నానికి రెండో స్థానంలో ఉన్న జంటకంటే నాలుగు నిమిషాలు ముందున్నారు. వెనకున్నది బేకరీ నడిపే కవల అన్నదమ్ములు. రాత్రి మకాం చేసే పచ్చికలోకి రొప్పుతూ వచ్చి ఆమె పక్కనే కూలబడ్డారు.

"అక్కా, మా సోళ్ళు నువ్వే వేశావు. మెల్లగా పరిగెత్తేలా మందేమైనా పెట్టావా?"

"మందు బూట్లలో లేదురా, మీ పొట్టల్లో ఉంది. మీరు చేసిన బన్నులు మీరే తినడం మానండి."

డాక్టరు కర్రలు నిలబెడితే ఆమె గుడ్డ పరిచి కట్టింది. ఎండ ఇంకా కొండల మీదే ఉంది. చిన్న స్టవ్వు మీద సూపు కాగుతుంటే ఆయన కాళ్ళు ఒత్తుకుంటూ అడిగాడు.

"తమ్ముడెలా ఉన్నాడు?"

"కొట్టు చూసుకుంటున్నాడు. రేపు చివరి గీత దగ్గరికి వస్తానన్నాడు."

చెంచా గిన్నెలో ఆగింది. "ఎందుకు? బాధపడతాడు."

"మీరు గెలవడం చూడాలట."

చెంచా మళ్ళీ కదిలింది. "మంచివాడు. నేను వాణ్ణి ఎప్పుడో క్షమించేశాను, తెలుసా?"

ఆమె స్టవ్వు ఆర్పింది. ఇంకో నిమిషం మండనిస్తే గిన్నె ఎవరి మీద బోర్లిస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

మూడు నెలలకోసారి తమ్ముడి ఎడమ బూటుకి రెండంగుళాల మందం సోలు కోస్తుంది ఆమె. రబ్బరు మీద కత్తి నడిపిన ప్రతిసారీ ఒకటే అనుకునేది: ఆ డాక్టరు ఆ పని మళ్ళీ చేయాలి. నాతో చేయాలి. ఈసారి నన్ను చూసినవాళ్ళు ఉండాలి. పథకం అంతే. రెండో రోజు కనుమ దగ్గర కాలు బెణికినట్టు పడిపోవాలి. డాక్టరు తన పట్టీ తీసుకుని ముందుకు పోతే, తను బండ దగ్గరికి కాకుండా కనుమకి ఎడమ పక్క జీపు దారిలో ఉన్న నర్సు గుడారానికి పోయి రిజిస్టరులో పేరూ టైమూ రాయించాలి. తన బిళ్ళ తొమ్మిదో పెట్టెకి తాకే వేళకి తను అక్కడ కూర్చుని ఉండాలి. అప్పుడు యంత్రం ఏం చెబుతుందో సర్వేయరు గారే వింటారు.

ఒకటే నియమం పెట్టుకుంది. పట్టీ తీసుకొమ్మని తను అడగకూడదు. నోరు జారితే అది తన మోసం అవుతుంది. ఆయనంతట ఆయనే చేయి చాపాలి.

చాపకపోతే? తమ్ముడి పేరు మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోతుంది. ఈ మనిషి పేరు రాతి మీదికి ఎక్కుతుంది.

*

రెండో రోజు, ఆదివారం, పొద్దున్నే మబ్బు కమ్మింది. ఐదో పెట్టె దగ్గర వడగళ్ళు మొదలయ్యాయి. ఆరో పెట్టెకి ఇద్దరూ బిళ్ళలు తాకించి కనుమ వైపు దిగుతున్నారు. పడిపోవడానికి ఆమె ఒక చదునైన రాయి ఎంచుకుని పెట్టుకుంది. దానికి ఇంకా నలభై అడుగులుండగానే, గులకరాళ్ళ వాలు మీద కాలు నిజంగానే మెలి తిరిగింది. ఎముకలో ఏదో టక్కుమంది. కళ్ళ ముందు చుక్కలు.

నటిద్దామనుకున్న ఏడుపు నిజంగానే వచ్చింది. దేవుడికి కూడా వేళాకోళం ఎక్కువ.

డాక్టరు వచ్చి చీలమండ తిప్పి చూశాడు. "విరగలేదు. కానీ పరిగెత్తలేవు." లేచి నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "సరే. ఎడమ పక్క నర్సు గుడారం ఉంది. పద, నా భుజం పట్టుకో. ఈ ఏడాదికి అయిపోయింది."

రెండేళ్ళు. వేల మైళ్ళు. ఈ మనిషి ఇవాళే మంచివాడవ్వాలా?

నోటి దాకా వచ్చిన మాట మింగేసింది. అడగకూడదు. ఆయన భుజం పట్టుకుని లేచి, ఒక అడుగు వేసి, ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది.

"కవలలు ఎంత దూరంలో ఉన్నారన్నయ్యా?"

డాక్టరు వెనక్కి తిరిగాడు. పైన పొగమంచులోంచి రెండు పసుపు చొక్కాలు బయటికొచ్చాయి, ఆరో పెట్టె వైపు పరిగెత్తుతూ. ఆయన గడియారం చూసుకున్నాడు. కవలల్ని చూశాడు. మళ్ళీ గడియారం. ఆమె చేతి కింద ఆయన భుజం బిగుసుకోవడం ఆమెకి తెలిసింది.

మెల్లగా ఆమెని రాయి చాటున కూర్చోబెట్టాడు.

"చూడు చెల్లాయ్. నొప్పి నీది, టైము మనిద్దరిదీ."

ఆస్పత్రి మంచం మీద తమ్ముడు చెప్పిన మాటలు ఇవే. అక్షరం పొల్లు పోలేదు.

"చెయ్యి ఇలా ఇవ్వు."

తొడలు ఒరుసుకోకుండా రాసుకునే జిడ్డు లేపనం తీసి ఆమె మణికట్టుకి రాశాడు. బొటనవేలు లోపలికి మడిచి, పట్టీని ఒక్క మెలితో జారలాగాడు. ఊడిన పన్నుని వెలుగులో చూసినట్టు పైకెత్తి చూశాడు.

"నొప్పెట్టిందా?"

"లేదన్నయ్యా."

"అదీ పనితనం. అడ్డదారిన మెల్లగా దిగి గూనిబండ కింద కూర్చో. నర్సు కంట మాత్రం పడకు, పడితే ఇద్దరం అవుట్." ఆమె సంచీ తెరిచి గుడారం గుడ్డ లాగి తన సంచీలో కుక్కుకున్నాడు. "తనిఖీలో అడుగుతారు కదా."

"వడగళ్ళు పెద్దవైతే?"

"అరగంటలో బండ కింద ఉంటావు. ఏం భయం లేదు." పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, పొగమంచులోకి పరిగెత్తాడు.

కవలలు దాటిపోయేదాకా ఆమె రాయి చాటునే నక్కింది. తర్వాత బూటు విప్పింది. లోపలి అట్ట లాగి చీలమండకి ఒక పక్క ఆనించి, జేబులో ఎప్పుడూ ఉండే మైనం దారంతో ఎనిమిది చుట్లు చుట్టి, సోలు కుట్టేటప్పుడు వేసే ముడి వేసింది. ఆ ముడి ఏనుగు లాగినా ఊడదు. లేచి ఎడమ దారి పట్టింది.

మామూలుగా అయితే పావుగంట నడక. ఆ రోజు గంటకు పైనే పట్టింది. కొంత దూరం కుంటింది, కొంత దూరం పాకింది. వడగళ్ళు మెడ మీద మేకుల్లా దిగుతున్నాయి. ఒకచోట నుంచి కిందికి చూస్తే అడ్డదారీ, దాని పక్కన తమ్ముడు పడి ఉన్న పల్లమూ కనిపించాయి. ఆమె అక్కడ ఆగలేదు. సాయంత్రం దాకా వాడు ఈ చలిలో పడి ఉన్నాడు, నువ్వు గంట పాకలేవా అని తనని తనే తిట్టుకుంది. మెడలో ఈల ఛాతీకి తగులుతోంది. ఒక్కసారి కూడా ఊదలేదు.

నర్సు గుడారంలోకి ఆమె చేతుల మీద వచ్చింది.

"అయ్యో తల్లీ! ఏదీ, నీ జంట ఎక్కడ?"

"వస్తాడు. ముందు నా నంబరూ టైమూ రాయండి."

"ముందు కాలు చూడనీ."

"కాలు ఎక్కడికీ పోదండీ. టైమే పోతుంది."

నర్సు ఆమె కళ్ళలోకి చూసి రిజిస్టరు తెరిచింది. నలభై ఒకటి, స్త్రీ, పదకొండు యాభై రెండు.

"మీ గడియారం సరిగ్గా ఉందా?"

"దీంతోనే నాడి చూస్తానమ్మా. దీన్ని అనుమానిస్తే సగం ఊరు చచ్చినట్టే."

*

జీపులో ఆమెని కిందికి దించి సర్వేయరు గారి గుడారంలోకి తీసుకుపోయారు. నర్సు వాకీటాకీలో ముందే చెప్పింది. తమ్ముడు అప్పటికే వచ్చి, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది. సర్వేయరు గారు వాకీటాకీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇప్పుడే పెట్టెలు చూడమని చెప్పనా?" అన్నాడు.

"వద్దండీ. ఆయన్ని రానివ్వండి. ఆ రోజు నా తమ్ముడి గురించి ఆయన చెప్పింది మీరు విన్నారు. ఇవాళ నా గురించి చెప్పేది కూడా వినండి."

తమ్ముడు నెమ్మదిగా అన్నాడు, "అక్కా, ఒకవేళ నిజం చెబితే? నువ్వు కనుమ దగ్గర ఉన్నావని, నీకు దెబ్బ తగిలిందని చెబితే? అప్పుడు నా సంగతి కూడా ఆయనంతట ఆయనే చెప్పుకోనిద్దాం. పోలీసులు వద్దు."

తమ్ముడి మనసు వెన్న. ఆమె సరేనంది. కానీ లోపల మాత్రం ఆ మనిషి అబద్ధమే చెప్పాలని కోరుకుంది. రెండేళ్ళుగా ఆమె అడిగిన వరం అదొక్కటే.

గుడారం మధ్యలో తెర దించారు. అవతల బల్ల మీద పటం పరిచారు. ఇవతల ఆమె కాలు చన్నీళ్ళ బకెట్లో పెట్టుకుని, తెర సందులోంచి చూస్తూ కూర్చుంది.

ఒంటి గంట దాటాక డాక్టరు వచ్చాడు. బూట్ల నుంచి మోకాళ్ళ దాకా ఎర్రటి బురద. మొహంలో నెత్తురు లేదు. ఒక్కడే.

"మా చెల్లి..." అన్నాడు. గొంతు వణికించాడు. వణికించడం ఆమెకి తెలుసు, తను కూడా రెండేళ్ళు అదే పని చేసింది. "తొమ్మిదో పెట్టె దాకా నాతోనే ఉందండీ. పక్కపక్కనే తాకించాం. తర్వాత ఏదో దగ్గర దారి ఉందని, నా మాట వినకుండా... ఆ ఇంటి వాళ్ళ రక్తంలోనే ఉందేమో ఆ మొండితనం."

"చోటు చూపించండి," అన్నాడు సర్వేయరు గారు. "వడగళ్ళు పెద్దవవుతున్నాయి. వెతికేవాళ్ళు జీపెక్కి కూర్చున్నారు. మీరు వేలు ఎక్కడ పెడితే అక్కడికే పోతారు. జాగ్రత్తగా పెట్టండి."

డాక్టరు వేలు పటం మీద దిగింది. మొదట కనుమ దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. తెర వెనక తమ్ముడి చేయి ఆమె చేతిని పట్టుకుంది. వేలు కనుమ మీద ఒకటి, రెండు, మూడు క్షణాలు నిలిచింది. తర్వాత శిఖరం చుట్టూ జారుకుంటూ వెనక వైపుకి పోయి తొమ్మిదో పెట్టె కింద లోయలో వాలింది.

"ఇక్కడ."

సర్వేయరు గారు వాకీటాకీ ఎత్తి, పెట్టెల లెక్కలు అందే గుడారంలోని మనిషిని తొమ్మిదో పెట్టె సంగతి అడిగాడు. గరగరమని జవాబొచ్చింది: "నలభై ఒకటి పురుషుడు, పన్నెండు ముప్పై ఒకటి. నలభై ఒకటి స్త్రీ, మూడు సెకన్ల తర్వాత."

"చూశారా?" అన్నాడు డాక్టరు, ఊపిరి పీల్చుకుని. "యంత్రం అబద్ధం చెప్పదండీ."

"చెప్పదు," అన్నాడు సర్వేయరు గారు. "మనమే చెప్పిస్తాం."

తెర లాగాడు.

డాక్టరు మొహం మీద నవ్వు ఒక్క క్షణం అలాగే మిగిలిపోయింది, మనిషి పోయినా గోడకి వేలాడే చొక్కాలా. బూట్లక్క బకెట్లోంచి కాలు తీసి, విప్పిన తన బూట్లు రెండూ బల్ల మీద, పటం మీద, తొమ్మిదో పెట్టె మీదే పెట్టింది.

"ఎర్రమట్టి వెతకండి అన్నయ్యా. దొరికితే నాకూ చూపించండి."

సర్వేయరు గారు రిజిస్టరు తెరిచి పదకొండు యాభై రెండు అన్న అంకెల కింద వేలు పెట్టాడు. కవలల్లో ఒకడు తనిఖీ బల్ల దగ్గర నుంచి డాక్టరు సంచీ తెచ్చి బోర్లించాడు. కర్రలు పడ్డాయి. వాటి మీద గుడారం గుడ్డ పడింది. దాని మడతలోంచి ఆమె పట్టీ జారి, బిళ్ళ నేల మీద టింగుమంది. ఈసారి లోయలో విసిరే తీరిక దొరకలేదు కాబోలు, వెనకాలే కవలలు ఉన్నారు మరి.

తమ్ముడు కర్ర ఊతంతో లేచాడు. రెండంగుళాల సోలు మీద నిలబడి, ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తున ఉండేలా దగ్గరికి వచ్చాడు.

"నాకు ఒక్కటే తెలియాలి డాక్టరు గారూ. ఆ రోజు మీరు గూనిబండ దగ్గర నిలబడ్డప్పుడు నేను ఈల ఊదుతున్నాను. వినపడిందా?"

డాక్టరు కింద పడ్డ బిళ్ళ వైపు చూశాడు. బయట వడగళ్ళు గుడారం మీద టపటపలాడుతున్నాయి.

"వినపడింది," అన్నాడు.

సర్వేయరు గారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తమ్ముడి వైపు తిరిగి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత కలం తీసి రెండేళ్ళ కిందటి కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, సంతకం పెట్టి, పోలీసులకి కబురు పెట్టమన్నాడు. తమ్ముడు ఈసారి వద్దనలేదు.

"బూట్లు విప్పండి," అన్నాడు సర్వేయరు గారు డాక్టరుతో. "ఇక్కడే ఉంటాయి. ఈసారి మట్టి సాక్ష్యం కూడా రాసుకుంటాను."

పోలీసు జీపు మైదానం అవతలి అంచున ఆగింది. మధ్యలో వంద గజాల కంకర. దానికి అటూ ఇటూ పరుగు ముగించిన జంటలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, ఆయన పళ్ళు బాగుచేసిన సగం ఊరు. తడిసిన మేజోళ్ళతో డాక్టరు కంకర మీద అడుగు వేశాడు. మొహం ముడుచుకుంది. ఇంకో అడుగు. బూట్లక్క తమ్ముడి భుజం పట్టుకుని గుడారం గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎక్కడ గుచ్చుకుంటుందో, ఏ వేలి కింద చర్మం ముందు చిట్లుతుందో ఆమెకి బాగా తెలుసు. పాదాలు ఆమె వృత్తి. ఒక్క అడుగు కూడా చూడకుండా వదల్లేదు.

ఇరవై గజాలు పోయాక ఆయన ఆగి వెనక్కి తిరిగాడు.

"చెల్లాయ్... పాత చెప్పులేమైనా ఉంటే..."

"సోమవారం రండి," అంది బూట్లక్క. "ఆదివారం కొట్టు తెరవం."